పెట్టెలో ఉన్నది ఫాదర్ కాదు

వడ్రంగిని పోయినవారం ఎక్కడ వదిలిపెట్టామో ఇంకా అక్కడే ఉన్నాడు. చర్చిలో, పాపాలు చెప్పుకునే పాపసంకీర్తనపు పెట్టెలో, ఫాదర్ కూర్చునే పీట మీద, పనికి దీపం వెలిగించుకుని, నోటినిండా మేకులు పెట్టుకుని, చేతిలో ఉలితో. పెట్టెకి చెద పట్టింది, బాగు చెయ్యమని పిలిచారు. చెద ఎంతదాకా తిన్నదో చూద్దామని పలక మీద వేలి కణుపుతో టక్కుమని కొట్టాడు. ఆ ఒక్క దెబ్బే కొంప ముంచింది.

ఆ చర్చికొచ్చేవాళ్లందరికీ తెలిసిన సంగతి ఒకటుంది. అక్కడి ఫాదర్‌కి ఒక చెవి వినపడదు. వినపడనివాళ్లందరిలాగే ఆయనా గట్టిగా మాట్లాడతాడు. "చెప్పు నాయనా" అంటే బయట వరసలో ఉన్నవాళ్లు ఉలిక్కిపడేవాళ్లు. అందుకని ఆ పెట్టెలో మొదటి మాట మానేశాడు. తెర వెనక దీపం వెలుగుతుంటే ఆయన లోపలున్నట్టు. పలక మీద టక్కుమంటే మొదలుపెట్టమన్నట్టు. ఇవాళ పెట్టె పని జరుగుతోంది, పాపాలు చెప్పుకునేవాళ్లు వెనక గదికి రండి అని పెద్ద తలుపుకి కాగితం అతికించారు. పక్క తలుపులోంచి వచ్చేవాడికి ఆ కాగితం ఎలా కనపడుతుంది?

పక్క తలుపులోంచి వచ్చి, దీపం చూసి, టక్కు విని, మోకాళ్లూనినవాడు వడ్రంగి బావమరిది. పెళ్లాం తోడబుట్టినవాడు. ఒక్కచోట కుదురుగా కూర్చోడని అందరూ స్ప్రింగు అంటారు. బట్టల గోదాములో సరుకు లిఫ్టు చూసుకునే మెకానిక్కు. "ఒరేయ్, నేనురా" అందామని వడ్రంగి మేకులు అరచేతిలోకి ఉమ్మేలోపలే ఆ మాట అడ్డుగా ఉన్న చెక్క జాలీ దాటి వచ్చేసింది.

"పిచ్చుకని చంపింది నేనే ఫాదర్."

పిచ్చుక వడ్రంగి తమ్ముడు. బక్కపలచటి మనిషి. పోయినేడు గోదాములో పై అంతస్తు నుంచి లిఫ్టు గుంతలో పడి పోయాడు. తాగిన మత్తులో, లిఫ్టు రాకముందే తలుపు పీకి అడుగేశాడని తేల్చారు. తేల్చడానికి వచ్చినవాళ్లు గుంతలోకి తొంగి కూడా చూడలేదు, కుర్చీలు వేయించుకుని మేనేజరు గదిలోనే తేల్చేశారు. తాగుబోతు చావు చచ్చాడని అందరూ అన్నారు. అందరికంటే ముందు అన్నవాడు వడ్రంగే.

ఇప్పుడు ఆ పెట్టెలో కూర్చుని అతను ఊపిరి బిగబట్టాడు. గట్టిగా పీలిస్తే అవతలివాడు గుర్తుపడతాడని భయం. మధ్యలో ఉన్నది ఒక్క జాలీ. దాని వెనక పల్చటి గుడ్డ. గుడ్డ మీద స్ప్రింగు నీడ ముందుకీ వెనక్కీ ఊగుతోంది.

"తలుపు తాళం మొరాయించింది ఫాదర్. తలుపు సరిగ్గా పడలేదనుకుని లిఫ్టు మాటిమాటికీ ఆగిపోయేది. నేను తాళం నాలికని తీగతో వెనక్కి లాగి కట్టేశాను. అలా కడితే లిఫ్టు ఆగదు. కానీ తలుపు ఎవరు లాగినా వచ్చేస్తుంది, వెనకాల లిఫ్టున్నా లేకపోయినా. సాయంత్రం విప్పేద్దామనుకున్నాను. మర్చిపోయాను. వాడు మూట భుజాన పెట్టుకుని, రోజూ లాగినట్టే లాగాడు."

వడ్రంగి చూస్తున్నాడు, ఇప్పుడంటాడు, ఇప్పుడంటాడు అని. ఆ రోజు గోదాము యజమాని స్ప్రింగు నెత్తిమీద నిలబడి, లారీ వెళ్లిపోతుంది, ఏం చేస్తావో నాకు తెలీదు, లిఫ్టు ఆగకూడదు అని బండబూతులు తిట్టిన సంగతి గోదాములో అందరికీ తెలుసు. పిచ్చుకే ఆ మధ్యాహ్నం అన్నం తింటూ ఇంట్లో చెప్పాడు, నవ్వుతూ. చంపింది ఆ యజమాని ఫాదర్, నేను చెప్పింది చేశానంతే అని వీడు అంటే బాగుండు. అప్పుడు వీడి మొహాన ఉమ్మెయ్యొచ్చు. ఆ మాట రాలేదు.

"తర్వాత తీగ విప్పి జేబులో వేసుకున్నాను. అడగడానికి వచ్చినవాళ్లతో వాడి నోట్లోంచి వాసనొచ్చిందని చెప్పాను. రాలేదు ఫాదర్. వాడు టీ తప్ప ఏదీ ముట్టేవాడు కాదు." స్ప్రింగు వేళ్లు జాలీని పట్టుకున్నాయి. గుడ్డ అంచు కింద గోళ్ల సందుల్లో గ్రీజు. "మా బావ నా మాట నమ్మాడు. పోయినవాళ్లందరికీ శవపెట్టెలు చేసేది ఆయనే ఫాదర్. ఈ తాగుబోతుకి చెయ్యనన్నాడు. బజార్లో రెడీమేడుది కొనుక్కొచ్చారు. పొడవు ఎక్కువైంది. వాడు అందులో చిన్నపిల్లాడిలా ఉన్నాడు. ఆ పాపం మా బావది కాదు. అది కూడా నాదే. దాన్ని నా లెక్కలోనే వేసుకోండి."

వడ్రంగికి చెవుల్లో హోరు. జాలీ చుట్టూ ఉన్న చట్రాన్ని చెద తినేసింది, వేలితో నొక్కితే పొడి రాలుతోంది. ఉలిని అలా ముందుకు తోస్తే చాలు, నేరుగా వాడి గొంతులో దిగుతుంది. పాతికేళ్లుగా తను చెప్పినట్టు విన్న చెయ్యి. అది ఇప్పుడు ఎవరిదో అయినట్టు, అడక్కుండానే పిడి బిగించి పట్టుకుంటోంది. వాడంటే కాదు, ఆ చెయ్యంటే భయమేసింది వడ్రంగికి. రెండో చేత్తో జాలీ పక్కనున్న చిన్న పలక తలుపుని లాగి మూసేశాడు.

ఆ పలక తలుపు ఎప్పుడు మూసుకుంటుందో అందరికీ తెలుసు. ఫాదర్ క్షమాపణ మాట చెప్పి, జాలీలోంచి సిలువ గుర్తు వేసి, ఆ తర్వాత మూస్తాడు. మాట లేకుండా, గుర్తు లేకుండా, చెప్తున్నవాడి మొహం మీద మూసుకోవడం ఆ చర్చిలో ఎవరూ చూడలేదు.

"ఫాదర్?" అన్నాడు స్ప్రింగు. "మూసేశారా ఫాదర్?"

చంటిపిల్లాడు వెక్కినట్టు ఒక శబ్దం.

"సరేలెండి. మీరు మాత్రం ఏం చేస్తారు. నాకా గుంతే సరి."

చెప్పులు ఈడ్చుకుంటూ వెళ్లిపోయిన చప్పుడు. పక్క తలుపు కిర్రుమంది.

* * *

ఫాదర్ వెనక గదిలోంచి వచ్చేసరికి వడ్రంగి పెట్టె బయట నేలమీద చతికిలబడి ఉన్నాడు. గుప్పిట్లో మేకులు గుచ్చుకుని నెత్తురు కారుతోంది.

"ఏం మేస్త్రీ, చెద నిన్నుగానీ కరిచిందా?" వయసు మీదపడింది గానీ ఆయనకి వేళాకోళం తగ్గలేదు.

"ఎవడో వచ్చాడు ఫాదర్. లోపలున్నది మీరనుకున్నాడు. చెప్పేశాడు."

ఆయన నవ్వు ఆగిపోయింది. "చెప్పేశాడంటే?"

"అంతా. వాడు మా..."

"ఆగు!"

చర్చంతా మారుమోగింది. ఫాదర్ వినపడే చెవిని అరచేత్తో మూసుకుని, కొట్టడానికి వస్తున్నవాడి ముందు నిలబడ్డట్టు వెనక్కి జరిగాడు. "ఎవరో చెప్పకు. ఏం చేశాడో చెప్పకు. ఆడో మగో కూడా చెప్పకు."

"వాడు అన్నాను కదా."

"నాకు వినపళ్లేదు." ఆయన చెవి మీదనుంచి చెయ్యి దించాడు. "అక్కడ విన్నదాన్ని నేను చచ్చేదాకా కడుపులో పెట్టుకోవాలి. పొరపాటున నీ చెవిన పడినా అంతే. నీకూ అదే కట్టు. పెళ్లానికి చెప్పకూడదు, పోలీసుకి చెప్పకూడదు. నాకు కూడా చెప్పకూడదు."

"నేనేమన్నా ఫాదర్‌నా? ప్రార్థనకే రాని మనిషిని. పలకలు మార్చడానికొచ్చాను. కూలికొచ్చినవాడికి ఈ కట్లేంటండీ?"

"కూలికొచ్చావు, వినేశావు. ఏం చెయ్యమంటావు మరి?" ఫాదర్ బల్ల అంచు పట్టుకున్నాడు. "అతనితో నువ్వేమన్నావు?"

"ఏమీ అనలేదు. పలక తలుపు వేసేశాను."

"క్షమాపణ మాట చెప్పకుండానే?"

"నేనెలా చెప్తానండీ?"

ఫాదర్ బల్ల మీద కూలబడ్డాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు. "అయ్యో తండ్రీ. ఏమనుకుని వెళ్లుంటాడో తెలుసా? నేను వినేసి, నీకు లేదు పొమ్మన్నాననుకుని వెళ్లాడు. నేనంటే నేను కాదు..." వేలు పైకి చూపించాడు.

"అనుకోనివ్వండి. అలాంటివాడికి అలాగే కావాలి."

ఫాదర్ అతనివంక చూశాడు. వడ్రంగి చేతిలో ఉలి అప్పుడు కనపడింది ఆయనకి. ఇది ఊరికే విన్న మాట కాదు, ఈ మనిషికి తగిలిన మాట అని అర్థమైంది. అర్థమవడం ఇష్టం లేనట్టు చూపు తిప్పుకున్నాడు.

"ఏడ్చాడా?"

"ఏడ్చాడు."

"ఏడుపుదేముంది, పన్ను నొప్పెడితే నేనూ ఏడుస్తాను. తప్పు ఇంకొకరి మీదికి తోశాడా?"

గోదాము యజమాని ఎర్రటి మొహం వడ్రంగి కళ్లముందు ఆడింది. తొయ్యడానికి అంత మనిషి అక్కడ సిద్ధంగా ఉండగా తొయ్యలేదు వాడు.

"లేదు," అన్నాడు. "పైగా ఇంకొకడి తప్పు కూడా తన నెత్తినేసుకున్నాడు."

"అయితే నిజంగానే వచ్చాడు మేస్త్రీ. అలా వచ్చినవాణ్ణి కాదనే హక్కు నాకే లేదు. నీకసలే లేదు. వెళ్తూ వెళ్తూ ఏమన్నాడు? వద్దు, చెప్పకు. చచ్చిపోతానన్నాడా? వద్దు, తల కూడా ఊపకు."

వడ్రంగి తల ఊపలేదు. కళ్లు మాత్రం దించుకున్నాడు. ఆయనకి అది చాలు.

"లే. వెళ్లు."

"మీరెళ్లండి ఫాదర్."

"ఎవరి దగ్గరికి వెళ్లను? నాకు తెలీదు. తెలుసుకోకూడదు. ఈ భూమ్మీద అతనెవరో తెలిసినవాడివి నువ్వొక్కడివే."

"నేను వెళ్తే నా చెయ్యి ఏం చేస్తుందో నాకే తెలీదు!" అరిచాడు వడ్రంగి. "మీకర్థం కావట్లేదు."

"అర్థమవుతోంది. నాకూ భయంగానే ఉంది." ఫాదర్ అతని మోచెయ్యి పట్టుకుని పైకి లేపాడు. "అతని మాట అతనితో అయితే అనొచ్చు. ఇంకెవరితోనూ అనకూడదు. అంతకుమించి నాకూ తెలీదు నాయనా. నేనిక్కడే కూర్చుంటాను. తీసుకురా."

* * *

గోదాము చర్చికి వెనక వీధిలోనే. రోజూ నడిచే వీధే. సైకిళ్ల షాపువాడు ట్యూబు నీళ్లలో ముంచి బుడగలు చూస్తున్నాడు. ఒకావిడ పై మెట్టు మీదనుంచి ఎవరినో తిడుతోంది. వీళ్లందరూ తనవైపే చూస్తున్నట్టనిపించింది వడ్రంగికి. పరుగెత్తితే ఎందుకని అడుగుతారు. నడిస్తే ఆలస్యమవుతుంది. ఆలస్యమైతే మాత్రం ఏం పోతుంది అని లోపల ఎవరో నెమ్మదిగా అన్నారు. ఆ గొంతు తనదే.

ఆ రోజు గోదాముకి సెలవు. గేటు దగ్గర కాపలా ముసలాయన స్టూలు మీద కూర్చుని చెవిలో పుల్ల తిప్పుకుంటున్నాడు.

"మీ బావమరిదిగారు లోపలే ఉన్నారు. సెలవు రోజున కూడా లిఫ్టు చూడాలట. దానికేమన్నా జ్వరమొచ్చిందా?" అంటూ వడ్రంగి చేతివంక చూశాడు. "ఉలి దేనికి మేస్త్రీ? లిఫ్టుకి నగిషీ చెక్కుతావా?"

వడ్రంగి చేతివంక చూసుకున్నాడు. ఉలి చర్చి నుంచి అలాగే వచ్చేసింది. దాన్ని గేటు పక్క గోడమీద పెట్టబోయి, వేళ్లు విప్పడానికి కొంచెం కష్టపడ్డాడు.

"ఇది చూస్తుండు తాతా," అన్నాడు. "నేను దిగేదాకా ఎవరికీ ఇవ్వకు. నాక్కూడా."

"పొద్దున్నే వేసుకొచ్చావా ఏంటి?" అని ముసలాయన నవ్వుతుండగానే వడ్రంగి మెట్లెక్కేశాడు.

మెట్ల మీద కొత్త గుడ్డ వాసన, గోనె వాసన, కందెన వాసన. తమ్ముడు రోజూ మూట భుజాన పెట్టుకుని ఎక్కిన మెట్లు. లిఫ్టు చెడినప్పుడల్లా అన్నయ్యా, నడుం విరిగిందిరా బాబూ అంటూ ఇంటికొచ్చేవాడు. వడ్రంగి పై అంతస్తుకి చేరాడు. కిటికీలోంచి పడే వెలుతురు మూటల మీదే ఆగిపోయింది. దానికవతల లిఫ్టు తలుపు బార్లా తెరిచి ఉంది. తలుపు వెనక లిఫ్టు లేదు. ఉత్త చీకటి.

చీకటి అంచున స్ప్రింగు కూర్చుని ఉన్నాడు. కాళ్లు లోపలికి వేలాడేసి. ఎప్పుడూ కుదురుండని మనిషి, రాయిలా కదలకుండా.

"ఎవరది?"

"నేనేరా."

"బావా?" వీపు బిగుసుకుంది. తల తిప్పలేదు. "నువ్వెందుకొచ్చావిక్కడికి? అక్కకి ఒంట్లో బాగాలేదా?"

ఇంత జరుగుతుంటే వాడడిగిన మాట అది. వడ్రంగికి ఏడవాలో తన్నాలో తెలియలేదు.

"అక్క బాగానే ఉంది. నువ్వు ముందు ఇటు జరుగు."

"తాళానికి కొత్త నాలిక వేశాను బావా. ఇంక ఎవరు ఎంత లాగినా రాదు, లిఫ్టు వచ్చి ఆగితే తప్ప. ఒకసారి మూసుకుంటే అంతే. లోపలి నుంచి మూసినా అంతే."

వడ్రంగి నిలబడిపోయాడు. గుంతలోకి దిగుతూ తలుపు లాగేసుకుంటే ఇక ఎవరూ తనని అందుకోలేరంటున్నాడు వాడు. అంతకంటే భయంకరమైన ఆలోచన ఇంకొకటి దాని వెనకే వచ్చింది. తను ఏమీ చెయ్యనక్కర్లేదు. ఉలి అక్కర్లేదు, తొయ్యక్కర్లేదు. ఊరికే ఇలా నిలబడితే చాలు. ఫాదర్‌కి పేరు తెలీదు. తన నోటికి ఎలాగూ కట్టు వేశారు. బావమరిదిని ఆపడానికి పరుగున వచ్చాడు పాపం, అందలేదు అని ఆ కాపలా ముసలాయనే నలుగురికీ చెప్తాడు. తమ్ముడికి జరిగినదానికి ఇంత శుభ్రంగా బదులు తీరే దారి ఇంకెక్కడా దొరకదు.

వడ్రంగి గోడ పట్టుకున్నాడు.

"నువ్వెళ్లు బావా," అన్నాడు స్ప్రింగు. "దేవుడు నా మొహం మీదే తలుపేసేశాడు. నీకు చెప్పినా అర్థం కాదులే, ఇవన్నీ నువ్వు నమ్మవుగా."

"దేవుడు కాదురా." వడ్రంగి ఒక అడుగు ముందుకేశాడు. "వేసింది నేను."

"ఏంటి?"

"ఆ పెట్టెలో ఉన్నది ఫాదర్ కాదు. నేను. చెద పట్టిందని పిలిచారు. పలక కొట్టి చూశాను. నువ్వు మొదలెట్టేశావు."

స్ప్రింగు గిరుక్కున తిరిగాడు. అంచుమీద కందెన. ఆనించిన అరచెయ్యి సర్రున జారింది. ఒళ్లంతా చీకట్లోకి వాలిపోయింది. అరవను కూడా అరవలేదు.

వడ్రంగి ఎప్పుడు కదిలాడో అతనికే తెలీదు. కాలరు చేతిలో ఉంది. చొక్కా చిరుగుతున్న చప్పుడు వినపడుతోంది. మోకాళ్లు తలుపు చట్రానికి తన్నిపెట్టి, మొద్దుని లాగినట్టు రెండు చేతులా లాగాడు. ఇద్దరూ వెనక్కి పడి మూటల మధ్య దొర్లారు. కింద చాలా లోతున, వాడి చెప్పు ఒకటి పడిన చప్పుడు ఆలస్యంగా వినపడింది.

వడ్రంగి తన కుడిచేతిని చూసుకున్నాడు. ఏం చేస్తుందోనని ఇంతసేపూ భయపడిన చెయ్యి. ఇంకా ఆ కాలరు వదల్లేదు అది.

"అంతా విన్నావా?" అన్నాడు స్ప్రింగు, వెల్లకిలా పడుకునే.

"విన్నాను."

వాడు రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. దెబ్బ కోసం ఆగాడు. దెబ్బ రాలేదు. "కొట్టు బావా."

"ఓపిక లేదు నోర్ముయ్."

తర్వాత స్ప్రింగు వేళ్ల సందుల్లోంచి, అడగడానికే భయపడుతున్నట్టు అడిగాడు. "అయితే ఫాదర్... వినలేదా?"

"వినలేదు. ఆయనకి నువ్వెవరో కూడా తెలీదు. వచ్చినవాణ్ణి కాదనే హక్కు తనకి లేదన్నాడు. చర్చిలో కూర్చునున్నాడు, నీకోసమే."

స్ప్రింగు ఏడ్చాడు. జాలీ అవతల ఏడ్చిన ఏడుపు కాదిది. ఇది లోపలెక్కడో కట్టేసిన ముడి ఊడుతున్నట్టుంది. "అయితే నన్ను వద్దనలేదన్నమాట."

"వద్దన్నది నేను."

"నువ్వనొచ్చు. నీకా హక్కుంది." వాడు లేచి కూర్చున్నాడు. "ఇప్పటికీ అదే మాటా బావా?"

వడ్రంగి తమ్ముణ్ణి తలుచుకున్నాడు. పొడవెక్కువైన ఆ పెట్టెని తలుచుకున్నాడు. అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు. "నాకు తెలీదురా. వదిలెయ్యడం నా వల్ల కాలేదు, అంతవరకే తెలుసు. లే, కిందికి దిగుదాం. ఫాదర్ దగ్గర అయ్యాక మా అమ్మ దగ్గరికి నువ్వే రావాలి. వాడు తాగలేదని నీ నోటితో చెప్పాలి. ఆవిడ వాడి పేరెత్తి ఏడాదైంది."

"చెప్తాను. అందరికీ చెప్తాను. జైల్లో వేసినా సరే."

అన్నాడుగానీ లేవలేదు. వాడు వడ్రంగి మణికట్టు పట్టుకున్నాడు. ఆ పట్టు ఇందాకటి మనిషిది కాదు.

"నువ్వు తలుపేసేటప్పటికి నాది ఇంకా అయిపోలేదు బావా."

వడ్రంగి చెయ్యి విడిపించుకోబోయాడు. "మిగతాది ఆయనకే చెప్పుకో. నాకొద్దు."

"ఆయనకి చెప్తే నీకెప్పటికీ తెలీదు. నీకు తెలియాలి." స్ప్రింగు తెరిచున్న ఆ చీకటివంక చూశాడు. "గుంతలోకి ముందు దిగింది నేనే. నేను దిగేటప్పటికి వాడు బతికే ఉన్నాడు. నిన్ను పిలవమన్నాడు."